మలిముద్రణ మన బాధ్యత



ఎవరి పేరున ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు జీవితమంతా బడిలో పాఠాలు చెప్పారు. సొంతంగా రాసింది తక్కువ, చదివిందీ చదివించిందీ చాలా ఎక్కువ. ఎవరైనా కొత్త కవి తొలి సంపుటి వేసుకుంటున్నాడని తెలిస్తే, పుస్తకం రాకముందే మనియార్డరు కట్టేవారు. చేతికొచ్చిన పుస్తకం ఒక పట్టాన కొరుకుడు పడకపోతే దాన్ని పక్కన పెట్టేవారు కాదు, మళ్లీ మొదటి పేజీ తీసేవారు. చిన్న ప్రచురణ సంస్థలు వేసిన కవిత్వం గురించి, ప్రయోగాత్మక వచనం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, మాస్టారిని తలుచుకోవడానికి ఇంతకన్నా తగిన విషయం లేదనిపించింది. ఆ సంస్థలన్నీ ఇలాంటి పాఠకుల మీదే బతికాయి.

చిన్న ప్రచురణ సంస్థ అంటే మనకందరికీ తెలిసిన మనుషులే. ఒకరో ఇద్దరో మిత్రులు, జీతంలోంచి మిగిల్చిన డబ్బు, ముందు గదిలో అట్టపెట్టెలు, పుస్తకం వెనక పేజీలో ‘ప్రతులకు’ అని ఇచ్చిన ఇంటి చిరునామా. చాలాసార్లు సంస్థ పేరు ఆ ఇంట్లో తల్లిదో, బిడ్డదో అయి ఉంటుంది. లాభం వస్తుందని ఎవరూ ఈ పనిలోకి దిగరు. ఈ పుస్తకం రాకపోతే నష్టం అనుకున్నవాళ్లే దిగుతారు.

కొత్త రచనకు అచ్చు విషయంలో రెండు గండాలున్నాయి. తొలిసారి పుస్తకంగా రావడం మొదటిది. వచ్చిన పుస్తకం పదేళ్ల తర్వాత, పాతికేళ్ల తర్వాత కావాలన్నవారికి దొరకడం రెండోది. మొదటి గండాన్ని మన చిన్న ప్రచురణకర్తలు తెగువతో దాటించారు, ఇవాళ్టికీ దాటిస్తున్నారు. రెండో గండం దగ్గర మాత్రం రచయితలు, ప్రచురణకర్తలు, పాఠకులు, గ్రంథాలయాలు అందరం కలిసి చేతులెత్తేశాం. ఆ రెండో పని చెయ్యకపోతే మొదటి పనికి పెట్టిన తెగువ సగం వృథా అవుతుంది. నేనివాళ చెప్పదలచుకున్నది ఇదే.

భోజనాల గదిలో అచ్చుయంత్రం

ముందు కాస్త దూరం వెళ్లి వద్దాం. 1917లో లండన్ దగ్గర రిచ్‌మండ్‌లో వర్జీనియా వూల్ఫ్, లెనార్డ్ వూల్ఫ్ దంపతులు ఒక చిన్న చేతి అచ్చుయంత్రం కొన్నారు. దాన్ని భోజనాల గదిలో పెట్టుకుని, వెంట వచ్చిన చిన్న పుస్తకం చూసి పని నేర్చుకున్నారు. ఆ ఇంటి పేరుతోనే హోగార్త్ ప్రెస్ మొదలైంది. తొలి పుస్తకంలో ఇద్దరివీ చెరో కథ, వేసింది 150 ప్రతులు.

వర్జీనియా మొదటి రెండు నవలలను ఆమె సవతి అన్న జెరాల్డ్ డక్‌వర్త్ సంస్థ ప్రచురించింది. ఆ రెండూ అప్పటి నవల నడిచే పద్ధతికి దగ్గరగానే నడుస్తాయి. సొంత ప్రెస్సు వచ్చాక ఆమె మొదట రాసినవి చిన్న చిన్న వచన రచనలు. గోడ మీద కనబడిన మచ్చ చుట్టూ ఆలోచన తిరగడమే ఒకదాంట్లో కథ. 1922లో వచ్చిన ‘జేకబ్స్ రూమ్’ హోగార్త్ వేసిన ఆమె మొదటి నవల. కథానాయకుణ్ణి నేరుగా చూపకుండా, చుట్టూ ఉన్నవాళ్ల చూపుల్లోంచి, వదిలివెళ్లిన గదిలోంచి చూపించిన రచన అది. ఏ సంపాదకుడికీ నచ్చజెప్పక్కర్లేకుండా తాను కోరింది రాసుకోగలుగుతున్నానని ఆమె తన డైరీలో సంతోషపడింది. అచ్చువేసే అధికారం చేతికొచ్చాక రచన ఆకారమే మారిపోయింది. చిన్న ప్రెస్సు సాహిత్యానికి చేసే మొదటి మేలు ఇది. రాసిన తర్వాత అచ్చువేయడం ఒక ఎత్తు, రాయబోయే ముందే రచయిత చెయ్యి మీది బరువు దించడం మరో ఎత్తు.

టి.ఎస్. ఎలియట్ ‘ది వేస్ట్ లాండ్’ ఇంగ్లండులో తొలిసారి పుస్తకంగా వచ్చింది కూడా ఆ ప్రెస్సు నుంచే, 1923లో. వర్జీనియా స్వయంగా అక్షరాలు పేర్చిన ఆ పుస్తకం దాదాపు 460 ప్రతులు అచ్చయింది. ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లీషు కవిత్వాన్ని కదిలించిన పుస్తకం మన ఊళ్లో ఇవాళ ఒక కొత్త కవి వేసుకునే సంపుటి కన్నా పెద్ద సంఖ్యలో రాలేదు. పారిస్‌లో పుస్తకాల దుకాణం నడుపుకునే సిల్వియా బీచ్ 1922లో జేమ్స్ జాయిస్ ‘యులిసిస్’ను వేసినప్పుడు తొలి ముద్రణ 1000 ప్రతులు. ఇంత తక్కువ వేసినా ఆ పుస్తకాలు లోకానికి అందాయి, ఎందుకంటే ఆ తర్వాత వాటిని వదలకుండా మళ్లీ మళ్లీ వేసినవాళ్లున్నారు.

అలా పట్టుకునేవాళ్లు లేకపోతే ఏమవుతుందో ఫ్లాన్ ఓబ్రయన్ అనే ఐరిష్ రచయిత కథ చెబుతుంది. ఆయన తొలి నవల ‘ఎట్ స్విమ్ టూ బర్డ్స్’ 1939లో ఒక పెద్ద ప్రచురణ సంస్థ నుంచే వచ్చింది. నవలలో ఒక రచయిత, అతను సృష్టించిన పాత్రలు అతని మీదే తిరగబడటం, కథలోపల కథలు, ఇలా సాగే అద్భుతమైన ప్రయోగం. కొన్ని నెలల్లో అమ్ముడుపోయినవి 244 ప్రతులు. 1940లో లండన్ మీద పడిన బాంబులకు గోదాము తగలబడి మిగతావి బూడిదయ్యాయి. తర్వాతి తరం మళ్లీ అచ్చువేయబట్టే ఇవాళ ఆ పేరు వింటున్నాం. ఆయన మరో నవల పేరునే సంస్థ పేరుగా పెట్టుకుని, 1984లో జాన్ ఓబ్రయన్ అనే ఆయన అమెరికాలో డాల్కీ ఆర్కైవ్ ప్రెస్ ప్రారంభించారు. అమ్మకాలతో పని లేకుండా ప్రయోగాత్మక నవలలను అచ్చులో నిలిపి ఉంచడమే ఆ సంస్థ పెట్టుకున్న లక్ష్యం. ‘వేశాం’ అని కాక ‘నిలిపి ఉంచుతాం’ అని ఒక సంస్థ తన పనిని నిర్వచించుకోవడం నాకు చాలా విలువైన విషయంగా కనిపిస్తుంది.

తెలుగులో తెగువ

మన దగ్గర తెగువకు ఎన్నడూ కొదవ లేదు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ కవితల్లో ఎక్కువ భాగం 1930ల్లో రాసినవి. దానికి చలం రాసిన ముందుమాట ‘యోగ్యతాపత్రం’ 1940 నాటిది. పుస్తకం వచ్చింది 1950లో. మధ్యలో పదేళ్లు తెలుగు కవిత్వాన్ని మార్చేసిన ఆ గీతాలు పత్రికల్లో, సభల్లో, కుర్రాళ్ల నోళ్లలో తిరిగాయే గానీ పుస్తకం లేదు. చివరికి దాన్ని అచ్చుకు తెచ్చింది మచిలీపట్నానికి చెందిన నళినీకుమార్ అనే సాహిత్యాభిమాని. ఆ తర్వాత విశాలాంధ్ర ప్రచురణాలయం ఆ పుస్తకాన్ని తరతరాలకూ అందిస్తూ వచ్చింది. 1981లో లండన్‌లో గూటాల కృష్ణమూర్తి శ్రీశ్రీ సొంత దస్తూరితో, గొంతు రికార్డుతో కలిపి ఒక ప్రత్యేక ముద్రణ తెచ్చారు. మొదటి గండాన్ని ఒక వ్యక్తి దాటించాడు, రెండోదాన్ని ఒక సంస్థ దాటించింది, దూరదేశంలో ఉన్న ఒక తెలుగువాడు దానికి మరో రూపమిచ్చాడు. ‘మహాప్రస్థానం’ అదృష్టం ఇది. ఈ అదృష్టం తెలుగులో చాలా కొద్ది పుస్తకాలకే పట్టింది.

1965 నుంచి 1968 దాకా మూడు సంపుటాలు తెచ్చిన దిగంబర కవులను తీసుకోండి. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న. పాత పేర్లు వదిలేశారు. ఋతువులకూ వారాలకూ తమవైన పేర్లు పెట్టుకున్నారు. తొలి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి వేళ నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. రెండోదాన్ని విజయవాడలో ఒక హోటలు కార్మికుడు, మూడోదాన్ని విశాఖపట్నంలో ఒక భిక్షగత్తె ఆవిష్కరించారు. పుస్తకాన్ని ఎవరి చేతిలో మొదట పెట్టాలి అన్న నిర్ణయం కూడా కవిత్వంలో భాగమే అని ఆ ఆరుగురూ నమ్మారు. ఆవిష్కర్తగా ఓ మంత్రిగారిని పిలిచే సంప్రదాయమున్న పెద్ద సంస్థ గొడుగు కింద ఇది సాధ్యమయ్యేదా?

1990లు వచ్చేసరికి ఈ తెగువ కొత్త చేతుల్లోకి వెళ్లింది. 1993లో ఓల్గా సంపాదకత్వంలో ‘నీలిమేఘాలు’ స్త్రీవాద కవితా సంకలనం స్వేచ్ఛ ప్రచురణగా వచ్చింది. 1995లో త్రిపురనేని శ్రీనివాస్, జి. లక్ష్మీనరసయ్య కలిసి ‘చిక్కనవుతున్న పాట’ అనే దళిత కవితా సంకలనం తెచ్చారు. 1998లో స్కైబాబ నసల్ కితాబ్ ఘర్ తరఫున ‘జల్‌జలా’ పేరుతో ముస్లిం కవిత్వాన్ని తెచ్చారు. వీటిని ఉద్యమ సాహిత్యం అని ఒక అరలో పెట్టేసి, రూపప్రయోగం అన్నప్పుడు మరో అర వెతకడం మన విమర్శకు అలవాటయింది. ఆ విభజన తప్పని నా గట్టి అభిప్రాయం. కవితలో ఏ మాట పడుతుంది, ఏ మాట పడదు అన్న హద్దును చెరిపెయ్యడం కన్నా పెద్ద రూపప్రయోగం ఏముంది? వంటింటి మాట, వాడ మాట, ఉర్దూ కలిసిన ఇంటి తెలుగు, నెత్తుటి మాట, నెలసరి మాట, తిట్టు, ప్రార్థన ఇవన్నీ కవితా పాదాల్లోకి వచ్చాయి. పెద్ద పత్రిక డెస్కు మీద ఆ పద్యాలు పడి ఉంటే ఎవరో ఒకరు ‘ప్రామాణిక’ భాషలోకి దిద్దేవారు. దిద్దకుండా, రాసింది రాసినట్టు వేసే చోటు కావాలి. ఆ చోటును ఈ చిన్న ప్రచురణలు ఇచ్చాయి.

త్రిపురనేని శ్రీనివాస్ తనకంటూ నడిపిన సంస్థ పేరు కవిత్వం ప్రచురణలు. తానూ మంచి కవి. తోటి కవుల పుస్తకాలు ఎలా కనబడాలి, ఏ అట్టతో, ఏ అక్షరంతో రావాలి అన్నదాని మీద శ్రద్ధ పెట్టిన మనిషి. 1996లో చిన్న వయసులోనే వెళ్లిపోయాడు. ఒక మనిషి ఊపిరి మీద నడిచే సంస్థ ఆ మనిషితోనే ఆగిపోతుంది. మన చిన్న ప్రచురణల చరిత్రలో పదే పదే జరిగింది ఇదే. అందుకే మనుషుల తెగువను మెచ్చుకోవడంతో మన పని అయిపోదంటున్నాను.

వచనంలో ప్రయోగం, వారపత్రికల కాలం

ప్రయోగాత్మక వచనం దారి తెలుగులో కొంచెం వేరు. కొన్నాళ్లు దానికి పత్రికలే చోటిచ్చాయి. వడ్డెర చండీదాస్ ‘హిమజ్వాల’ను పురాణం సుబ్రహ్మణ్యశర్మ ఆంధ్రజ్యోతి వారపత్రికలో సీరియల్‌గా వేశారు. వాక్యాన్ని అంత కొత్తగా విరిచి, కూర్చి, మనసు లోపలి చీకటిని అంత నిర్మొహమాటంగా రాసిన నవలను వారం వారం లక్షల మంది ముందుకు తీసుకెళ్లడం ఇవాళ ఊహకందని సాహసం. నవీన్ ‘అంపశయ్య’ 1969లో వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న రవి అనే విద్యార్థి ఒక్క రోజు మెలకువలో నడిచే చైతన్యస్రవంతి నవల అది. నవల పేరే రచయిత ఇంటి పేరయింది.

1924లో మొదలైన ‘భారతి’ 1991లో ఆగిపోయింది. ఒక్కొక్కటిగా వారపత్రికలు మూతపడ్డాయి, లేదా కథకు ఇచ్చే పేజీలు కుదించుకున్నాయి. నిడివి ఇంతే ఉండాలి, మొదటి పేరాలోనే పాఠకుణ్ణి పట్టుకోవాలి, ముగింపులో ఒక మలుపుండాలి అనే నియమాలు బిగిశాయి. ప్రయోగానికి మిగిలిన చోటు చిన్న ప్రచురణలే.

త్రిపుర గుర్తున్నారు కదా. పెట్టిన పేరు రాయసం వెంకట త్రిపురాంతకేశ్వరరావు. బెనారస్‌లో చదివి, త్రిపుర రాష్ట్రంలో చాలాకాలం పాఠాలు చెప్పి, విశాఖపట్నంలో స్థిరపడ్డారు. 2013లో పోయారు. రాసిన కథలన్నీ కలిపితే ఒక్క సంపుటం. అందులో ‘పాము’, ‘భగవంతం కోసం’ లాంటివి మొదటిసారి చదివినప్పుడు ఇది కథేనా అనిపిస్తాయి. జరిగేదానికన్నా ఎదురుచూడటం ఎక్కువ, చెప్పేదానికన్నా దాటేయడం ఎక్కువ. సంతలో బస్సు దిగిన కొత్తవాడిలా ఆ కథల్లో పాఠకుడు దిక్కులు చూస్తాడు, కాసేపటికి అతనికే దారి తెలుస్తుంది. ఒక్క కథాసంపుటమే రాసిన రచయితను ఏ పెద్ద సంస్థా తన జాబితాలో నిలుపుకోదు. అతని పేరు చెప్పుకుని తర్వాతి పుస్తకం అమ్ముకోవడం కుదరదు కాబట్టి. త్రిపుర తరం తర్వాత తరానికి అందుతూ వచ్చారంటే అభిమానులు చేతి నుంచి చేతికి ఆ పుస్తకాన్ని మోసి, మళ్లీ మళ్లీ అచ్చుకు పూనుకోబట్టే. కవిత్వంలో అజంతా అంతే. చాలాకాలం కవితలను కాగితం మీద కన్నా మనసులో ఎక్కువగా మోసిన కవి. ‘స్వప్నలిపి’ అనే ఒకే ఒక్క సంపుటి 1993లో వస్తే, దానికే 1997లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ ఒక్క సంపుటి రాకపోయి ఉంటే ఏం పోగొట్టుకునేవాళ్లమో ఆలోచించండి.

జెజూరి నేర్పే పాఠం

పక్క భాషల వాళ్లు రెండో గండాన్ని ఎలా దాటారో చూడటానికి బొంబాయి వెళ్దాం. 1976లో నలుగురు కవులు, ఆదిల్ జస్సావాలా, అరుణ్ కొలాట్కర్, అరవింద్ కృష్ణ మెహరోత్రా, గీవ్ పటేల్, కలిసి క్లియరింగ్ హౌస్ అనే సహకార ప్రచురణ పెట్టుకున్నారు. ఎవరి పుస్తకం వేయాలన్నా మిగతా ముగ్గురూ చదివినవాళ్లే, తప్పొప్పులు చెప్పినవాళ్లే. కొలాట్కర్ వృత్తిరీత్యా ప్రకటనల రంగంలో చిత్రకారుడు కాబట్టి పుస్తకాల రూపకల్పన కూడా వాళ్ల చేతిలోనే ఉంది. తొలి నాలుగు పుస్తకాల్లో కొలాట్కర్ ‘జెజూరి’ ఒకటి. పుణే దగ్గరి ఖండోబా క్షేత్రానికి చేసిన ప్రయాణాన్ని, భక్తికీ అవిశ్వాసానికీ మధ్య నిలబడి చూసిన కవితల వరుస అది. మరుసటి ఏడాది దానికి కామన్వెల్త్ కవితా పురస్కారం వచ్చింది.

1980ల మధ్యకు క్లియరింగ్ హౌస్ ఆగిపోయింది. మనకు తెలిసిన కథే అయితే ఇక్కడ ముగియాలి. కానీ అశోక్ శహాణే నడిపిన ప్రాస్ ప్రకాశన్ అనే మరో చిన్న సంస్థ కొలాట్కర్‌ను వదల్లేదు. 1977లోనే ఆయన మరాఠీ కవితలను వేసిన ఆ సంస్థ, ‘జెజూరి’ని కూడా తర్వాత తన చేతిలోకి తీసుకుని అందుబాటులో ఉంచింది. 2003లో ‘భిజకీ వహీ’ వేసింది. 2004లో కవి జబ్బుతో మంచాన ఉండగా ‘కాలా ఘోడా పోయెమ్స్’, ‘సర్ప సత్ర’ తెచ్చింది. ఆ సెప్టెంబరులో ఆయన కన్నుమూశారు. 2005లో న్యూయార్క్ నుంచి ‘జెజూరి’ అంతర్జాతీయ ముద్రణగా వచ్చింది. అప్పటికి దాదాపు ముప్పై ఏళ్లుగా ఆ పుస్తకాన్ని అచ్చులో నిలిపింది పరస్పరం నమ్ముకున్న రెండు చిన్న సంస్థలు. ఒకటి అలసిపోయినచోట మరొకటి అందుకుంది. మనం నేర్చుకోవలసింది ఈ అందుకోవడమే.

కలకత్తాలో పి. లాల్ 1958లో పెట్టిన రైటర్స్ వర్క్‌షాప్ పుస్తకాలకు చేనేత చీరల బట్టతో అట్టలు కట్టి, తన దస్తూరితో పేర్లు రాసి వేల శీర్షికలు తెచ్చింది. ఆయన 2010లో పోయాక కూడా కుటుంబం ఆ పని కొనసాగించింది. వారసత్వం సిద్ధంగా ఉంటే మనిషి పోయినా సంస్థ పోదు.

పుస్తకం ఎలా మాయమవుతుంది

తెలుగులో పుస్తకం ఎలా కనుమరుగవుతుందో అంచెలంచెలుగా చూద్దాం. ఒకప్పుడు కవితా సంపుటి అంటే 1000 ప్రతులు వేసేవారు. ఇప్పుడు 300, 500 దగ్గర ఆగుతున్నాం. దుకాణానికి ఇస్తే వెలలో 40 నుంచి 50 శాతం దాకా కమీషన్ కిందే పోతుంది. ఆ మిగిలింది కూడా ఎప్పుడు చేతికొస్తుందో తెలీదు. కాబట్టి ప్రచురణకర్త సొంతంగా తపాలాలో పంపుకుంటాడు. 2024 డిసెంబరులో తపాలా శాఖ చవకైన రిజిస్టర్డ్ బుక్ పోస్టును నిలిపేశాక ఆ దారి కూడా ఖరీదైపోయింది. 150 రూపాయల కవిత్వం పుస్తకానికి పంపే ఖర్చు వెలలో ఎంతో వంతు పెరిగితే కొనేవాడు వెనకాడటంలో తప్పేముంది?

ఇంకో చిక్కు చాలామంది గమనించరు. 1990ల నుంచి మన పుస్తకాలు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో కంపోజ్ అయ్యాయి. అవి యూనికోడ్ అక్షరాలు కావు. డీటీపీ చేసినవారి కంప్యూటరు పాడైపోతేనో, ఆ దుకాణం మూసేస్తేనో ఫైలు పోతుంది. ఫైలు దొరికినా కొత్త కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలన్నీ చెల్లాచెదురుగా కనిపిస్తాయి. వందేళ్ల నాటి సీసపు అక్షరాల పుస్తకాన్ని ఇవాళ తెరిచి చదువుకోగలం. పాతికేళ్ల నాటి ఫైలును తెరవలేకపోతున్నాం. మళ్లీ వేయాలంటే మొదటి నుంచీ టైపు చేయించి ప్రూఫులు దిద్దుకోవాలి. కవిత్వంలో ఒక పాదం ఎక్కడ విరిగిందో, ఎక్కడ ఖాళీ వదిలారో కూడా అర్థమే కాబట్టి ఆ దిద్దుబాటు చాలా జాగ్రత్తగా జరగాలి.

మూడోది హక్కుల సంగతి. మన చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్ల దాకా హక్కులు వారసులవి. చిన్న ప్రచురణల్లో కాగితం మీద ఒప్పందం రాసుకోవడం దాదాపు లేదు. స్నేహం మీద నడిచిన పని అది. రచయిత పోతాడు, ప్రచురణకర్త పోతాడు, పిల్లలు వేరే దేశంలో ఉంటారు. ఎవరిని అడగాలో తెలియక మంచి మనసుతో వచ్చిన కొత్త ప్రచురణకర్త వెనక్కి వెళ్లిపోతాడు. పుస్తకం అలా ఎవరి చేతిలోనూ లేకుండా మిగులుతుంది.

నాలుగోది గ్రంథాలయం. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త ప్రతి పుస్తకాన్నీ కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరా సహా మరి మూడు గ్రంథాలయాలకూ పంపాలి. 300 ప్రతులు వేసుకున్న కవికి ఈ సంగతి చెప్పేవాళ్లే లేరు. మన ఊరి గ్రంథాలయాలకు ఆస్తి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున పన్ను కడుతున్నాం. ఆ పన్ను కట్టే ఊళ్లో కొత్త కవి పుస్తకం గ్రంథాలయం బీరువాలో కనబడకపోతే అడగాల్సింది మనమే.

చెయ్యగలిగినవి

ఇవన్నీ నిరాశతో చెప్పడం లేదు. ఇవాళ ఛాయా, ఆన్వీక్షికి, ఎలమి, అజు లాంటి సంస్థలు చక్కటి అట్టలతో, శ్రద్ధగా దిద్దిన ప్రతులతో కొత్త కథనూ కవిత్వాన్నీ అనువాదాలనూ తెస్తున్నాయి. 1980 నుంచి హైదరాబాద్ బుక్ ట్రస్ట్ నాలుగు దశాబ్దాలకు పైగా నిలబడి చూపించింది. గోగు శ్యామల సంకలనం చేసిన ‘నల్లపొద్దు’ లాంటి దళిత స్త్రీల రచనల పుస్తకం తెచ్చింది కూడా అదే. రావిశాస్త్రి, పతంజలి వంటి వారి సమగ్ర రచనలను మనసు ఫౌండేషన్ ఒక్కచోట చేర్చింది. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం పెట్టి, తెలుగు కథ ఏ మూల అచ్చయినా దాచిపెట్టే ఇల్లు కట్టారు. రెండో గండం దాటించడం మనకు చేతకాని పనేమీ కాదని ఇవి రుజువు చేస్తున్నాయి.

కాబట్టి నాలుగు మాటలు సూటిగా చెబుతాను. ప్రచురణకర్తలారా, ప్రతి పుస్తకం పాఠాన్నీ యూనికోడ్‌లో ఒక ఫైలుగా భద్రపరచండి. ఒక ప్రతి మీ దగ్గర, ఒకటి రచయిత దగ్గర, ఒకటి మీరు నమ్మే మరో సంస్థ దగ్గర ఉంచండి. రచయితతో ఒకటిన్నర పేజీ ఒప్పందం రాసుకోండి. ఇన్నేళ్లపాటు నేను మళ్లీ వెయ్యకపోతే ఈ పుస్తకం ఎవరైనా వేసుకోవచ్చు అన్న వాక్యం అందులో ఉండనివ్వండి. స్నేహాన్ని కాగితం అవమానించదు, మన తర్వాత కూడా దాన్ని కాపాడుతుంది.

చిన్న సంస్థలన్నీ కలిసి ఒక గోదాము, ఒక పుస్తకాల పట్టిక, ఒక పంపిణీ ఏర్పాటు చేసుకోండి. విజయవాడ, హైదరాబాదు పుస్తక ప్రదర్శనల్లో పక్కపక్కనే విడివిడి స్టాళ్లు తీసుకుని విడివిడిగా నష్టపోతున్నాం. డిజిటల్ ముద్రణ వచ్చాక యాభై ప్రతులు కూడా వేసుకోవచ్చు. అయిపోయింది అనే మాట ఇక చెప్పక్కర్లేని రోజులొచ్చాయి.

విమర్శకులారా, ఆవిష్కరణ సభ వారంలోనే కాదు, ఐదేళ్ల తర్వాత కూడా ఒక పుస్తకం గురించి రాయండి. ప్రయోగాత్మక రచనకు పాఠకులు ఆలస్యంగా తయారవుతారు. వాళ్లు వచ్చేసరికి దాని గురించి ఎక్కడో ఒకచోట మాట ఉండాలి.

పాఠకులారా, మీకు చెప్పేది మొదట తలుచుకున్న మాస్టారు చేసిన పనే. రాబోయే పుస్తకానికి ముందుగా డబ్బు కట్టండి. ముందు కట్టిన వందమంది పాఠకులే ఒక చిన్న ప్రెస్సుకు మూలధనం. ఆ డబ్బు వెనక మరో మాట కూడా ఉంటుంది. నీకు తోచింది తోచినట్టు రాయి, చదవడానికి మేమున్నాం అన్న మాట అది. వర్జీనియా వూల్ఫ్‌కు సొంత అచ్చుయంత్రం ఇచ్చిన స్వేచ్ఛను మన కవులకు మీరివ్వగలరు.

చివరిగా ఒక కోరిక. ఇక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరి జీవితంలో ఒక పుస్తకం ఉంటుంది. ఒకప్పుడు మిమ్మల్ని కుదిపేసి, ఇవాళ ఎక్కడా దొరకని కవితా సంపుటో, నవలికో. దాని రచయిత కుటుంబం ఎక్కడుందో కనుక్కోండి. ఒక మంచి ప్రతి సంపాదించండి. నలుగురు మిత్రులు కలిసి టైపు చేయించండి, ప్రూఫులు మీరే చదవండి, ఒక చిన్న సంస్థను పట్టుకుని వంద ప్రతులు వేయించండి. సాహిత్య చరిత్రను దొరికిన పుస్తకాలతోనే రాస్తారు. దొరకని పుస్తకం ఎంత గొప్పదైనా రేపటి విద్యార్థికి అది పుట్టనట్టే లెక్క. తొలిముద్రణకు కావలసిన ధైర్యం రచయితలూ ప్రచురణకర్తలూ ఎన్నోసార్లు చూపించారు. మలిముద్రణ పని వాళ్లది మాత్రమే కాదు, ఆ పుస్తకాలు చదివి మారిన మనందరిదీ. ఈ ఏడాది ఒక్కొక్కరం ఒక్కో పుస్తకాన్ని తిరిగి అచ్చుకు తెద్దాం.